ఇంటికొలను పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

శంకర్‌పల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరసగా లేచిన ఫామ్‌హౌస్‌లలో ఒకదాని పంపు గది తలుపు మీద, మోటారు మెకానిక్ ఫోన్ నంబరుకీ నిమ్మకాయ మిరపకాయల దండకీ నడుమ, ఈ కింది పద్యం స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. కవి పేరు లేదు. శైలిని బట్టి ఆయన ఒకప్పుడు తెలుగు మాస్టారై ఉండాలనీ, రిటైరయ్యాక కొడుకు కట్టించిన స్విమ్మింగ్ పూల్‌కి కాపలా పడ్డాడనీ, కనీసం ఒక వర్షాకాలం దాని పక్కన గడిపాడనీ ఊహించవచ్చు. చివరి పాదంలోని దిగులు ఊరికే రాదు.

కాలనిర్ణయం సంగతి. అంకెలను మాటల్లో దాచే భూతసంఖ్యలు చూడగానే పద్యాన్ని ఏ కాకతీయుల కాలానికో తోయాలని మనసు పీకుతుంది. కానీ రెండో పాదంలో పీహెచ్ ఉంది. ఆ కొలతను కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో సోరెన్సెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1909లో ప్రతిపాదించాడు. కనక పద్యం అంతకు ముందుది కానేరదు. కొలను శుద్ధిలో సగం బీరు కంపెనీ పెట్టిన భిక్షే అని తెలిస్తే, ఆదివారం వచ్చే అతిథుల్లో కొందరు సంతోషిస్తారు.

మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేటప్పుడు ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టు నిలుపుకుంటాడు. రెండోదానికి హామీ లేదు.

మూలం

చంద్రరామాంతరంబున సాగు క్లోరు
బాణగిరులను పీహెచ్చు పాదుకొనును
గగనవసువుల మొదలుగ క్షారగుణము
ఖాక్షిచంద్రుల వరకును గాచు నెపుడు
శూన్యయుగనేత్రవేదాల సున్నమొప్పు
రామబాణాల ఖముజేర్చ రవికి గొడుగు
ఎఱుగకున్నచో పచ్చనౌ నింటికొలను

ఛందస్సు

తేటగీతి మాలిక. యతులు కుదిరాయి. మొదటి పాదంలో ‘క్లోరిన్’ను ‘క్లోరు’ అని కోసేశాడు. గణాల కోసం మందు తగ్గించే స్వేచ్ఛ కవులకు ఉంది, కొలను యజమానులకు లేదు.

ప్రతిపదార్థం

చంద్ర = ఒకటికి, రామ = మూడుకు, అంతరంబున = నడుమ, క్లోరు = ఫ్రీ క్లోరిన్, సాగు = చెల్లును. బాణగిరులను = ఏడున్నర వద్ద, పీహెచ్చు = నీటి ఆమ్లక్షార స్థితి, పాదుకొనును = కుదురుకొనును. గగనవసువుల మొదలుగ = ఎనభై మొదలుకొని, ఖాక్షిచంద్రుల వరకును = నూటఇరవై దాకా, క్షారగుణము = టోటల్ ఆల్కలినిటీ, ఎపుడు = ఎల్లవేళలా, కాచును = రక్షించును. శూన్యయుగనేత్రవేదాల = రెండు వందలు నాలుగు వందల మధ్య, సున్నము = కాల్షియం హార్డ్‌నెస్, ఒప్పు = తగును. రామబాణాల = మూడు, అయిదులకు, ఖము జేర్చ = సున్నా చేర్చగా (అనగా ముప్పై, యాభై), రవికి గొడుగు = ఎండకు అడ్డు, అనగా సయనూరిక్ యాసిడ్. ఎఱుగకున్నచో = ఇది తెలియకపోతే, ఇంటికొలను = గృహస్థుని స్విమ్మింగ్ పూల్, పచ్చనౌను = పాచి పట్టును.

భూతసంఖ్యలు మరచిపోయిన వారి కోసం: చంద్రుడు ఒక్కడు, కళ్ళు రెండు, రాములు ముగ్గురు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, కులపర్వతాలు ఏడు, వసువులు ఎనమండుగురు, ఆకాశం సున్నా. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. బాణగిరులంటే అయిదూ ఏడూ, తిప్పితే డెబ్బై అయిదు. దశాంశ బిందువు పెట్టే ఏర్పాటు ఈ పద్ధతిలో లేదు. పీహెచ్ కొలబద్ద మామూలుగా సున్నా నుంచి పద్నాలుగు దాకానే కనక 7.5 అని పాఠకుడే సర్దుకోవాలి. పీహెచ్ తప్ప మిగిలినవన్నీ పీపీఎమ్‌లో, అంటే పది లక్షల్లో ఒక వంతు, ఇంకా తేలిగ్గా లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము.

అయిదో పాదంలో ఒక ప్రమాదం ఉంది. ‘యుగ’ అంటే జంట అనీ నాలుగు అనీ రెండర్థాలు. జంట అనుకుంటే రెండు సున్నాలు. ముందు రెండు, తర్వాత నాలుగు చేర్చితే 200, 400. నాలుగు అనుకుంటే మొత్తం కలిసి 4240 అవుతుంది. నీళ్ళలో అంత సున్నం చేరితే అందులో ఈదలేరు, దాన్ని గోడకు కొట్టించుకోవచ్చు.

తాత్పర్యం

ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3, పీహెచ్ 7.5 దరిదాపు, ఆల్కలినిటీ 80 నుంచి 120, కాల్షియం 200 నుంచి 400, సయనూరిక్ యాసిడ్ 30 నుంచి 50. ఇంతే. టెస్ట్ కిట్ డబ్బా మూత లోపల అచ్చేసేదీ ఇదే. ఇంతటితో ఆగి, అయిదు అంకెలూ అయిదు వేరు వేరు ఆజ్ఞలనుకుని ఒక్కోదాన్నీ విడిగా సరిచేసే వాళ్ళ కొలనులే ఎక్కువగా చెడతాయి. కాబట్టి అసలు పని అన్వయంలో ఉంది.

అన్వయం

పద్యంలో పదాలు నిలిచిన వరస వేరు, అర్థం కోసం చదవాల్సిన వరస వేరు. ఇది బడిలో పద్యం చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. కవి క్లోరిన్‌తో మొదలుపెట్టాడు. అది ప్రసిద్ధి గలది, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది. వ్యాఖ్యాత మాత్రం మూడో పాదం దగ్గర మొదలుపెట్టమంటాడు: ముందు క్షారగుణం, దాని వెనక పీహెచ్, ఆ తర్వాత గొడుగు, చిట్టచివర క్లోరిన్. సున్నం సంగతి తీరిగ్గా, నెలకోసారి.

కారణం చెబుతాను. ఆల్కలినిటీ అంటే నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేట్ బలగం. యాసిడ్ పడితే మింగుతుంది, క్షారం పడితే ఓర్చుకుంటుంది, పీహెచ్‌ను కదలనివ్వదు. అది 80కి బాగా దిగితే పీహెచ్‌కు నిలకడ పోతుంది. పొద్దున 7.2, ఒక వాన పడితే 6.8, గుప్పెడు సోడా వేస్తే 8.2. అదే 120 దాటితే పీహెచ్ మొండికేసి పైపైకి పోతుంది. ఎంత యాసిడ్ పోసినా వారం తిరక్కుండా మళ్ళీ ఎక్కుతుంది. ఫామ్‌హౌస్ వాళ్ళకు గోడ మీంచి జారే కృత్రిమ జలపాతం మీద మోజు. ఆ జలపాతం నీళ్ళను చిలికి అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలికి వదిలేస్తుంది. అది పోయిన మేరా పీహెచ్ పెరుగుతుంది. ఫొటోల కోసం రాత్రింబవళ్ళు జలపాతం నడిపి, పీహెచ్ ఎందుకు నిలవట్లేదని కెమికల్స్ షాపువాణ్ణి తిట్టుకునే గృహస్థులను ఈ వ్యాఖ్యాత ఎరుగును.

ఆల్కలినిటీ పెంచడానికి దివ్యౌషధం వంటసోడా. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న కొలనులో సుమారు 45,000 లీటర్లు పడతాయి. అందులో ఆల్కలినిటీ పది పాయింట్లు పెరగాలంటే ముప్పావు కిలో వంటసోడా కావాలి. చాకలిసోడా వేస్తే పీహెచ్ కూడా ఎగిరిపోతుంది. రెండూ తెల్లపొడులే, రెండింటి పేరూ సోడాయే, పని మాత్రం ఒకటి కాదు. దించాలంటే యాసిడ్. అది పీహెచ్‌నూ ఆల్కలినిటీనీ రెండింటినీ కలిపి దించుతుంది. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకొకటి కదలడం ఇక్కడ మొదలై పద్యం చివరిదాకా సాగుతుంది.

టీక: బాణగిరులు

ఏడున్నరే ఎందుకు? మనిషి కన్నీటి పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది కనక కంటికి ఓర్పు. అది చిన్న కారణం. పెద్ద కారణం ఇది: నీళ్ళలో పడ్డ క్లోరిన్ రెండు రూపాలుగా చీలుతుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, క్రిమిని చంపేది. రెండోది హైపోక్లోరైట్ అయాన్, సంఖ్యలో కనబడుతుంది గానీ పని చాలా మెల్లగా చేస్తుంది. పీహెచ్ 7 దగ్గర దాదాపు మూడు వంతులు మొదటి రకం. 7.5 దగ్గర చెరి సగం. 8కి వచ్చేసరికి పనిమంతుడు నాలుగో వంతే మిగులుతాడు. 8.5 దగ్గర పదో వంతు కూడా ఉండడు. పరీక్షలో మాత్రం అన్ని చోట్లా ఒకే అంకె వస్తుంది. కాబట్టి పీహెచ్ చెప్పకుండా ‘మా కొలనులో క్లోరిన్ రెండు’ అనేవాడు సగం వాక్యమే చెప్పినట్టు.

మరీ కిందికి దించితే క్లోరిన్ చురుకు పెరుగుతుంది కదా, 6.8 పెట్టుకుంటే పోలా అని శిష్యులు అడుగుతారు. పోదు. నీళ్ళు ఆమ్లమైతే టైల్స్ మధ్య గ్రౌట్‌ను తింటాయి, నిచ్చెన స్టీలును తింటాయి, హీటరు ఉంటే దాని రాగి గొట్టాన్ని తింటాయి. ఈతగాడి కళ్ళను కూడా వదలవు.

పాఠాంతరం: అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 7.0 నుంచి 7.8 వరకు ఒప్పుకుంటుంది. కొన్ని డబ్బాల మీద 7.2 నుంచి 7.6 అని ఉంటుంది. విరోధం లేదు, మన కవి నడిమి గీత పట్టుకున్నాడు.

ఇంతకీ పీహెచ్ తెలుసుకోవడం ఎలా? కిట్‌లో ఫినాల్ రెడ్ అనే చుక్కలమందు ఉంటుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా దిగుతుందని తెలిసిన ఇంట్లో దీని గురించి వేరే పాఠం అక్కర్లేదు. ఇదీ అంతే, ఆమ్లంలో పసుపు, క్షారంలో ఎరుపు, ఏడున్నర దగ్గర నారింజ, ఎరుపుల సందిగ్ధం. ఆ సందిగ్ధాన్నే పట్టుకోవాలి. గొట్టాన్ని తెల్లగోడ ముందుపెట్టి చూడాలి, నీలి టైల్స్ ముందు పెట్టి చూస్తే అన్నీ ఊదాగా కనిపించి లేని భయం పుడుతుంది. క్లోరిన్ మరీ ఎక్కువున్నా ఆ రంగు నిజంగానే ఊదాకు తిరుగుతుంది. అప్పుడు పీహెచ్ పెరిగిందనుకుని యాసిడ్ పోయకండి, ముందు క్లోరిన్ దిగనివ్వండి.

టీక: చంద్రరాములు

పూర్వపక్షం. ఆ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ మతం ఇలా ఉంటుంది: “వాసన గట్టిగ కొడుతున్నదంటె మందు మస్తుగున్నట్టే సార్. వాసన లేకుంటెనే ఫికరు జెయ్యాలె.” ఈ మతానికి అనుయాయులు చాలామంది. క్లబ్బు కొలనుల్లో దిగి, ముక్కు మూసుకుని, ‘అబ్బ, బాగా క్లోరిన్ వేశారు, శుభ్రంగా ఉంది’ అనుకునే విద్యావంతులు కూడా ఇందులోకే వస్తారు.

సిద్ధాంతం. తగిన మోతాదులో స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌కు కొలను గట్టు మీద అంత వాసన రాదు. ఆ ఘాటు క్లోరమీన్లది. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే నైట్రోజన్ పదార్థాలను క్లోరిన్ పట్టుకున్నప్పుడు అవి పుడతాయి. కళ్ళు మండించేవి, దగ్గు తెప్పించేవి అవే. అంటే ముక్కు పగిలే వాసన వస్తోందంటే మందు ఎక్కువైందని కాదు, ఉన్న మందంతా మురికితో కుస్తీ పట్టి చిక్కుబడిపోయిందని అర్థం. వాచ్‌మన్‌ను తప్పు పట్టలేం. ఆయన దగ్గరున్న కిట్‌లో ఓటీఓ చుక్కలు ఉంటాయి. అవి వేస్తే నీళ్ళు పసుపు రంగుకు వస్తాయి. ఆ పసుపు స్వేచ్ఛగా ఉన్నదాన్నీ చిక్కుబడ్డదాన్నీ కలిపి మొత్తం చూపిస్తుంది. ముదురు పసుపు వచ్చిందంటే ఆయన లెక్కలో కొలను క్షేమం. విడదీసి చూడాలంటే డీపీడీ బిళ్ళలు కావాలి, వాటికి గులాబీ రంగు వస్తుంది. మొదటి బిళ్ళకు ఫ్రీ క్లోరిన్, ఇంకో బిళ్ళ కలిపితే మొత్తం. రెండింటి తేడా 0.4 దాటితే చిక్కు ముదిరినట్టు. అప్పుడు ఆ తేడాకు పది రెట్లు క్లోరిన్ ఒక్కసారి వేసి చిక్కు తెంపాలి. దీన్నే షాక్ అంటారు. అది రాత్రిపూట ఇవ్వాలి, మర్నాడు క్లోరిన్ మళ్ళీ మూడుకు దిగేదాకా ఎవరినీ దింపకూడదు.

ఇక్కడ సమకాలీన ఆచారం ఒకటి ప్రస్తావించాలి. పెళ్ళిళ్ళకు ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకుని కొలను గట్టు మీద హల్దీ చేయడం ఇప్పుడు రివాజు. పెళ్ళికొడుకును పసుపుతో ముంచి, స్నేహితులు అదే పసుపుతో నీళ్ళలోకి తోస్తారు. బంతిపూల రేకులు, తలనూనె, శనగపిండి, పసుపు, ముప్పై మంది చెమట, ఎవరూ ఒప్పుకోని ఇతరాలు. క్లోరిన్ వీటన్నిటితోనూ తలపడాలి. మధ్యాహ్నం మూడున్న అంకె సాయంత్రానికి సున్నా అవుతుంది. అద్దె రసీదులో కరెంటు, క్లీనింగు, జనరేటరు ఉంటాయి. క్లోరిన్‌కూ ఒక వరస ఉండాలని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. దిగే ముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడమంటే మాత్రం అవమానంగా చూస్తారు.

ఒక పీపీఎమ్ క్లోరిన్, పీహెచ్ 7.5 ఉన్న నీళ్ళలో ఈ.కోలై బాక్టీరియా నిమిషం లోపు చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు పావుగంట పైన పడుతుంది, జియార్డియాకు ముప్పావుగంట. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పది రోజులు దాటితే గాని లొంగదు. అది విరేచనాల ద్వారా నీళ్ళలోకి వస్తుంది కనక, కడుపు పాడైన పిల్లవాణ్ణి కొలనులో దింపకపోవడమే దానికి మందు. ఇది పద్యంలో లేదు. ఉండాల్సింది.

మోతాదు విషయం. పైన చెప్పిన 45,000 లీటర్ల కొలనులో క్లోరిన్ ఒక పాయింటు పెరగాలంటే అసలు క్లోరిన్ 45 గ్రాములు కావాలి. అది టీసీసీఏ అనే 90 శాతం బిళ్ళల మందు అయితే 50 గ్రాములు. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 70. ముప్పై శాతం ఉండే మామూలు బ్లీచింగ్ పౌడర్ అయితే 150. అదీ బస్తా కొత్తదైతేనే. మూతి కట్టకుండా రేకుల షెడ్డులో ఒక వేసవి గడిపిన బస్తాలో సున్నం ఎక్కువ, క్లోరిన్ తక్కువ. ‘రెండు డబ్బాలు వేశాను’ అన్నది కొలత కాదు, ఏ మందుతో, ఎంత బలంతో అన్నది కూడా చెప్పాలి.

టీక: రవికి గొడుగు

పద్యంలో ఇంతకంటే ముఖ్యమైన పాదం లేదు, దీన్నే అందరూ వదిలేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను విరగ్గొడతాయి. మే నెల ఎండలో రక్షణ లేని కొలనులో పొద్దున వేసిన మందు మధ్యాహ్నానికి పేరుకు కూడా మిగలదు. సయనూరిక్ యాసిడ్ క్లోరిన్‌ను పట్టుకుని ఎండ తగలకుండా దాస్తుంది, అవసరమైనప్పుడు కొద్ది కొద్దిగా వదులుతుంది. ముప్పై నుంచి యాభై దాకా ఇది వరం.

చిక్కు ఎక్కడంటే, టీసీసీఏ బిళ్ళల్లో గొడుగు కలిపే ఉంటుంది. క్లోరిన్ పది పాయింట్లు వేసిన ప్రతిసారీ సయనూరిక్ యాసిడ్ ఆరు పాయింట్లు చేరుతుంది. రోజూ రెండు పాయింట్ల క్లోరిన్ బిళ్ళలతోనే నడిపితే నెలకు 36 పాయింట్ల గొడుగు. క్లోరిన్ ఖర్చవుతుంది, గొడుగు ఖర్చవదు. ఎండకు విరగదు, ఆవిరిలో పోదు. మూడు నెలల్లో వంద దాటుతుంది. అప్పుడు క్లోరిన్ మొత్తం గొడుగు కిందే కూర్చుంటుంది. కిట్‌లో రెండు అని చూపిస్తూనే ఉంటుంది, కొలను పచ్చబడుతూనే ఉంటుంది. యజమాని ఇంకో రెండు బిళ్ళలు వేస్తాడు, అంటే ఇంకొంచెం గొడుగు వేస్తాడు. ఈ విషవలయానికి పరిష్కారం నీళ్ళు తీసేయడం ఒక్కటే. 110 నుంచి 50కి దించాలంటే 45,000 లీటర్లలో సుమారు 25,000 లీటర్లు వదలాలి, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు అయిదు మళ్ళీ తెప్పించాలి. ఏప్రిల్లో హైదరాబాద్ శివార్లలో ట్యాంకర్ కోసం ఫోన్ చేసినవాడికి ఈ పాదం విలువ తెలుస్తుంది. వేసవంతా బిళ్ళలే వాడకండి. కొంతకాలం బిళ్ళలు, గొడుగు యాభైకి చేరగానే గొడుగు లేని ద్రవ క్లోరిన్.

ఇక్కడ వ్యాఖ్యాత మూలాన్ని సవరించక తప్పదు. గొడుగు వాడే కొలనులో క్లోరిన్ కనీసం రెండు ఉండాలని సీడీసీ చెబుతుంది. కవి ఆరో పాదంలో గొడుగు పెట్టి, మొదటి పాదంలో మాత్రం చంద్రుడి దగ్గర, అంటే ఒకటి దగ్గర మొదలుపెట్టాడు. పూర్వోత్తర విరోధం. ‘నేత్రరామాంతరంబున’ అని చదవాలి. అలా చదివితే ‘నే’కూ ‘సా’కూ మైత్రి లేక యతి చెడుతుంది. చెడనీయండి. యతి కోసం చెవిలో చీము తెచ్చుకోలేం.

టీక: సున్నం

దీని మీద ఎక్కువ చెప్పను. కాల్షియం తక్కువైతే నీళ్ళు ఆకలితో ప్లాస్టర్‌లోంచి, గ్రౌట్‌లోంచి లాక్కుంటాయి. ఎక్కువైతే గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లపొరే నీటిగీత వెంట టైల్స్‌కు పడుతుంది. మన బోరు నీళ్ళకు మొదటి భయం అరుదు, రెండోది నిత్యం. పైగా ఆవిరైన ప్రతి బకెట్టూ తన సున్నాన్ని కొలనులోనే వదిలి పోతుంది. బ్లీచింగ్ పౌడర్ ఇంకొంత కలుపుతుంది. పీహెచ్, ఆల్కలినిటీ, సున్నం, వేడి ఈ నాలుగూ కలిసి నీళ్ళు తింటాయా కక్కుతాయా అన్నది తేల్చే సూత్రాన్ని బర్క్‌లీ ప్రొఫెసర్ లాంగిలియర్ 1936లో ఇచ్చాడు. ఆయన ఊరి నీటి గొట్టాల కోసం రాశాడు, కొలనుల వాళ్ళు అరువు తెచ్చుకున్నారు. వ్యవహారంలో చాలినంత సారం: సున్నం ఎక్కువున్న నీళ్ళు వాడేవాళ్ళు పీహెచ్‌ను ఏడున్నర పైకి పోనివ్వకూడదు.

సమాస విచారం

వ్యాకరణంలో వైరిసమాసం చేస్తే పండితులు నవ్వుతారు. పంపు గదిలో చేస్తే ఫైరింజన్ వస్తుంది. టీసీసీఏనూ బ్లీచింగ్ పౌడర్ లేదా కాల్షియం హైపోక్లోరైట్‌నూ ఒకే బకెట్లో, ఒకే మగ్గుతో, ఒకే డబ్బాలో కలపకూడదు. కొద్ది తడి చాలు, మంట లేచి పేలుతుంది. యాసిడ్ బ్లీచింగ్ పౌడర్‌కు తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. యాసిడ్ క్యాన్‌నూ పౌడర్ బస్తానూ ఒకే అరలో పెట్టడం మన పంపు గదుల్లో సర్వసాధారణం. మందును నీళ్ళలో వేయాలి, నీళ్ళను మందులో పోయకూడదు. ఈ మూడూ కంఠస్థం చేయాల్సినవి, వీటికి అలంకారాలు అక్కర్లేదు.

టీక: పచ్చనౌ నింటికొలను

ఈ పాదం గృహస్థులకే అనుకోవద్దు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆగస్టు 9న డైవింగ్ కొలను ప్రపంచం చూస్తుండగా పచ్చబడింది. పక్కనున్న వాటర్ పోలో కొలనూ అదే దారి పట్టింది. కొద్ది రోజుల ముందు ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారని తేలింది. పెరాక్సైడ్ చెడ్డది కాదు, అదీ శుద్ధి చేసేదే. కానీ క్లోరిన్ ఉన్న నీళ్ళలో పడితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇద్దరు కాపలాదార్లు కొట్టుకు చచ్చారు, పాచి లోపలికి వచ్చింది. చివరికి ఆర్టిస్టిక్ స్విమ్మింగ్ పోటీల కోసం సుమారు 37 లక్షల లీటర్లు తోడేసి, ప్రాక్టీసు కొలను నీళ్ళు తెచ్చి నింపారు. ప్రతి పదానికీ అర్థం తెలుసు, అన్వయం తెలియలేదు.

ఫలశ్రుతి

దీన్ని పఠించినందువల్ల కొలను శుద్ధి కాదు. వాడకం ఉన్నన్నాళ్ళూ క్లోరిన్, పీహెచ్ రోజూ, ఆల్కలినిటీ వారానికోసారి, సున్నం, గొడుగు నెలకోసారి చూడాలి. నీళ్ళు పైపైన ముంచకుండా, మోచేయి మునిగేంత లోతు నుంచి, శుద్ధమైన నీరు వచ్చే గొట్టానికి దూరంగా తీయాలి. చివరగా పాఠకులకు ఒక మనవి: మీ టెస్ట్ కిట్‌లోని చుక్కలమందు సీసా తిప్పి అడుగున తేదీ చూడండి. ఏడాది దాటితే పారేసి కొత్తది కొనండి.